ముడి ఉన్న కమ్మ

సుల్తానాబాద్‌లో అవుసుల రామచంద్రం ఇంటికి రెండు తలుపులు. ముందు తలుపు బజారు వైపు. దాని పక్కనే కిటికీ, కిటికీ కింద కుంపటి, పీట. రామచంద్రం ఆ పీట మీద కూర్చుని కమ్మలకూ ముక్కుపుల్లలకూ రాళ్లు పొదుగుతాడు. వెనక తలుపు బావి వైపు. చాలా ఏళ్లపాటు ఆ తలుపులోంచి నీళ్ల బిందె తప్ప మరొకటి లోపలికి వచ్చేది కాదు. ఈ మధ్య ఆడవాళ్లు వస్తున్నారు.

వెనక తలుపు గడియ చప్పుడైతే రామచంద్రం చేతిలోని ఉలి ఆగిపోతుంది.

"అక్కా, ఉన్నవా?"

"రా బాలవ్వా, కూసో."

బాలవ్వ కొడుకు దుబాయిలో ఉంటాడు. అతను పంపిన బంగారంతో కోడలికి కమ్మలు కట్టించింది. ఇక రాళ్లు పెట్టించాలి. ఆమె గొంతు తగ్గించి మాట్లాడినా గోడ సన్నది.

"నువ్వే పెట్టాలె అక్కా. మల్ల తీస్కపోయి అన్న చేతుల వెట్టకు."

"ఆయన పెడితె ఏమైతది?" అన్నది భూలక్ష్మి. రామచంద్రం భార్య.

"ఏం గాదు. అన్న చెయ్యి గూడ మంచిదే గని..."

ఆ తర్వాత బాలవ్వ ఏమన్నదో రామచంద్రానికి వినిపించలేదు. ఆ 'గని' దగ్గరే అతని మనసు ఆగిపోయింది. మధ్యాహ్నం అన్నం తినేటప్పుడు కూడా అదే మాట చెవిలో ఉన్నది.

"ఎవలు వచ్చిండ్రు?" అని అడిగాడు, తెలియనట్టు.

"బాలవ్వ."

"ఏం పనట?"

"కోడలు కమ్మలకు రాళ్లు."

"మరి ముంగటి తలుపుకు ఏమైంది? దానికి తాళమేసి ఉన్నదా?"

భూలక్ష్మి అతని పళ్లెంలో ఇంకొంచెం పప్పు వేసింది. "పీట నువ్వే వెనుకకు జరిపిచ్చినవ్ గద," అన్నది.

అది నిజమే. ఆమె ఈ ఇంటికి వచ్చిన కొత్తలో కిటికీ దగ్గర రెండు పీటలు ఉండేవి. ఆమెది ఆసిఫాబాద్. తండ్రికి కొడుకులు లేక పని బిడ్డకే నేర్పాడు. అత్తగారింటికి వస్తూ చీరల మధ్య జింక కొమ్ము పిడి ఉన్న చిన్న ఉలి ఒకటి తెచ్చుకున్నది. రామచంద్రం తండ్రి ఒకరోజు సరదాకు ఆమె చేతికి ఒక ముక్కుపుల్ల ఇచ్చి చూశాడు. రాయి పెట్టి ఇచ్చాక వెలుగులో అటూ ఇటూ తిప్పి, "కోడలు చెయ్యి సన్నది రా," అన్నాడు. ఆ ముసలాయన చనిపోయేదాకా కొడుకు చేతిని గురించి ఒక్క మాట కూడా మంచిగా అనలేదు. రామచంద్రం తప్పు చేస్తే చెప్పేవాడు. తప్పు లేకుంటే పక్కన పెట్టేవాడు.

తండ్రి పోయిన ఏడాదే రామచంద్రం రెండో పీట తీసేశాడు. వెలుగు చాలడం లేదన్నాడు. భూతద్దం ఒక్కటే ఉండేది. దాన్ని తొడ కింద పెట్టుకుని కూర్చోవడం అలవాటు చేసుకున్నాడు. భూలక్ష్మి ఏమీ అనకుండా తన పని వెనక వాకిట్లోకి, ఎండలోకి మార్చుకున్నది. బావి దగ్గరికి వచ్చే ఆడవాళ్లు అక్కడే ఆమె పని చూశారు. వెనక తలుపు అట్లా తెరుచుకున్నది.

పని తెలియని వాళ్ల కోసం ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. కమ్మలో ఒక్కో రాయికి బంగారంతో ఒక్కో గూడు కడతారు. రాయిని గూట్లో కూర్చోబెట్టి, చుట్టూ లేచి ఉన్న అంచును ఉలితో రాయి మీదికి వత్తుతారు. రాయిని పట్టి ఉంచేది ఆ అంచే. రామచంద్రం ఒకచోట మొదలుపెట్టి చుట్టూ తిరిగి మళ్లీ మొదటి చోటికి వస్తాడు. అతని తండ్రీ అట్లాగే వత్తేవాడు. చివరికి అంచు వచ్చి కలిసే చోట గసగసాల గింజంత ముద్ద మిగులుతుంది. దాన్ని వాళ్లింట్లో ముడి అంటారు. ఆకురాయితో రుద్దితే అణుగుతుంది, కానీ భూతద్దం కింద కనిపిస్తుంది. వేలికి కూడా తగులుతుంది, ఆ వేలు పని ఎరిగినదైతే. భూలక్ష్మి అట్లా చుట్టూ పోదు. ఒకచోట వత్తి, వెంటనే దాని ఎదురుచోట వత్తుతుంది. తర్వాత ఆ రెండింటి నడుమ, మళ్లీ దాని ఎదురు. ఆమె పెట్టిన రాయికి మొదలూ చివరా కనిపించవు.

ఈ తేడా ఊళ్లో ఎవరికీ తెలియదు. ఆ ఇంట్లో ఇద్దరికే తెలుసు.

* * *

ఆ ఏడు మాఘంలో జానకీబాయి బిడ్డ పెళ్లి కుదిరింది. జానకీబాయి భూపాల్‌రావు దొర భార్య. భూములు ఇక్కడే ఉన్నా కాపురం కరీంనగర్‌కు మారింది. ఆమె కారులో వచ్చి బిడ్డ కోసం కట్టించిన ఏడురాళ్ల కమ్మలు రామచంద్రం ముందు పెట్టింది.

"ఇయ్యి మంచిగ పొదుగు. నాకు నచ్చితె మా అత్తగారి పచ్చల హారం తెస్త. పాతది విప్పిచ్చి కొత్త గూళ్లు కట్టిచ్చిన. పచ్చలు మాత్రం పాతయే. అప్పట్ల వాటిని పొదిగింది మీ నాయిననే."

ఆ మాటతో రామచంద్రానికి ఒళ్లు జల్లుమన్నది. తండ్రి పొదిగిన పచ్చలు. వాటిని మళ్లీ పొదిగిన చెయ్యి తండ్రి చేతి పక్కన నిలుస్తుంది. ఆ చెయ్యి తనదే కావాలి. ఇంకెవరిది అయినా అతను భరించగలిగేవాడేమో. ఈ ఇంట్లోని ఇంకో చెయ్యి కావడం మాత్రం భరించలేడు.

కానీ వరపూజకు, అంటే నిశ్చితార్థానికి, ముహూర్తం దగ్గర పడింది. అప్పటికే చేతిలో ఉన్న పని తెమలలేదు. చివరికి ఒక కమ్మ తను తీసుకుని, ఇంకొకటి భూలక్ష్మికి ఇవ్వక తప్పలేదు. ఆ రోజు వాకిట్లో మబ్బు పట్టి వెలుగు లేదు. ఆమెను కిటికీ దగ్గరికి రానిచ్చాడు.

ఇద్దరూ కమ్మల్ని కదలకుండా లక్కలో దిగేసి ఎదురెదురుగా కూర్చున్నారు. కర్రపుల్ల చివర మైనంతో రాయిని ఎత్తి గూట్లో దించడం, అంచు వత్తడం. రామచంద్రం తల దించుకునే ఆమె చేతిని చూస్తున్నాడు. ఆమె తనకంటే ఒక రాయి ముందున్నది. ఆమె తొందరపడడం లేదు. మధ్యలో ఒకసారి లేచి పోయి పొయ్యి మీది పాలు దించి వచ్చింది. అయినా ఒక రాయి ముందే ఉన్నది. రామచంద్రం చెయ్యి వేగం పెంచాడు. చివరి రాయి అంచును ఎప్పుడూ వేసే రెండు వత్తులకు బదులు ఒక్క వత్తుతో తిప్పేసి, "అయిపోయింది," అన్నాడు.

భూలక్ష్మి తల ఎత్తి చూసి, "మంచిది," అని తన పని చూసుకున్నది.

ఆ రోజు సాయంత్రం అతనికి కడుపు నిండినట్టు అనిపించింది.

* * *

వరపూజ అయిన వారానికే జానకీబాయి బిడ్డను వెంటబెట్టుకుని మళ్లీ వచ్చింది. కారు చప్పుడు విని బాలవ్వ, ఇంకో ఇద్దరు ఆడవాళ్లు వెనక తలుపులోంచి వచ్చి అర్ర గుమ్మం దగ్గర నిలబడ్డారు. జానకీబాయి కుర్చీలో కూర్చోలేదు.

"రామచంద్రం, నడి పూజల మా బిడ్డ బొట్టు వెట్టిచ్చుకోను తల వంచితె రాయి ఊడి కుంకుమ బరిణెల వడ్డది. మొగపిల్లగాని దిక్కోళ్లు అందరు చూసిండ్రు. మా వియ్యపురాలు ఏమన్నదో ఎరికేనా? 'వదినా, మీ దిక్కు రాళ్లకు కాళ్లుంటయా' అన్నది."

గుమ్మం దగ్గర ఎవరో నవ్వు ఆపుకున్నారు.

"మీరిద్దరు చెరొకటి చేసిండ్రని ఇన్న. గీ ఊడింది ఎవలి చెయ్యి?"

ఆమె ఇంకా కమ్మను పర్సులోంచి తీయనే లేదు.

"ఆమెది," అన్నాడు రామచంద్రం.

అతను అబద్ధం చెప్పాలని అనుకోలేదు. ఊడిందనగానే అది భార్య పనే అయి ఉంటుందని అతని మనసు నమ్మేసింది. ఎంతోకాలంగా అట్లాంటి మాట కోసమే కాచుకుని ఉన్న మనసు అది. భూలక్ష్మి గుమ్మం పక్కన నీళ్ల చెంబు పట్టుకుని నిలబడి ఉన్నది. ఆమె ముఖం వైపు చూడకుండా చెయ్యి చాచి, జానకీబాయి తీసి ఇచ్చిన కమ్మనూ ఊడిన రాయినీ తీసుకున్నాడు. తొడ కింది భూతద్దం తీసి పెట్టి చూశాడు.

ఆరు రాళ్లకూ ముడి ఉన్నది. ఖాళీ గూటి అంచు మీద, రెండో వత్తు పడని చోట, సగం ముడి ఉన్నది.

అతను భూతద్దం దించలేదు. దించితే ముఖం కనిపిస్తుంది.

"అయితె హారం నువ్వొక్కనివే చెయ్యి," అంటున్నది జానకీబాయి. "ఆడిదాని చెయ్యి దానికి తగలద్దు. మంచో చెడో, గీ పని మొగోళ్లదే."

"తగలది దొరసాని," అన్నది భూలక్ష్మి.

రామచంద్రం అప్పటికప్పుడే కుంపటి రాజేసి, రాయిని మళ్లీ కూర్చోబెట్టి గట్టిగా వత్తాడు. కమ్మను భార్య చేతికి అందనీయకుండా నేరుగా జానకీబాయికి ఇచ్చాడు. కానీ జానకీబాయి దాన్ని భూలక్ష్మికే ఇచ్చింది.

"నాకు మర తిప్పస్తలేదు. జర నువ్వు వెట్టు పిల్లకు."

భూలక్ష్మి పిల్ల చెవికి కమ్మ పెట్టి వెనక మర తిప్పింది. తిప్పేటప్పుడు ఆమె బొటనవేలు కమ్మ అంచు మీద ఆనింది. అక్కడే కాస్త నిలిచింది. పక్క రాయి మీదికి జరిగింది, మళ్లీ నిలిచింది. ఆమె మెల్లగా తల తిప్పి భర్తను చూసింది. అతను ఊదుగొట్టం తుడుస్తున్నాడు.

"గట్టిగనే ఉన్నది," అన్నది ఆమె.

* * *

ఆమె కొట్లాడుతుందని రామచంద్రం ఎదురుచూశాడు. జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాడు. కొలిమికాడ ఎవలి పని ఏదో ఎట్ల యాదికుంటది అనాలి. నువ్వైతె ఏమన్నా తక్కువ తిన్నవా అనాలి. ఏదీ అనే అవసరం రాలేదు. ఆమె అన్నం పెట్టింది, బట్టలు ఉతికింది, జింక కొమ్ము ఉలిని గుడ్డలో చుట్టి దూలం సందులో పెట్టింది. వెనక తలుపు గడియ చప్పుడు కాలేదు. అక్క పెట్టిన రాయి ఊడిందన్న మాట బావి దగ్గర తిరిగింది.

కిటికీ అతనిదే. భూతద్దం అతనిదే. హారం వచ్చి అతని పెట్టెలో ఉన్నది. అయినా పీట మీద స్థిమితంగా కూర్చోలేకపోయాడు. బావి దగ్గర ఇంకో మాట కూడా తిరుగుతున్నది. అది అతని చెవిన పడ్డది.

"గంత మందిల మొగడు ఆమె పేరు చెప్పినా, ఉల్టా మాట అనలే చూడు."

"అక్కకు ఓర్పెక్కువ."

ఓర్పట. చేతి పేరు పోగొడితే ఇప్పుడు ఓర్పు పేరు వచ్చింది. రామచంద్రానికి ఒళ్లు మండింది. ఆమె నోరు మూసుకుని ఉన్నంతకాలం ఈ ఇంట్లో పెద్ద ఆమే. తను ఎంత పెద్ద హారం చేసినా సరే, ఆమె పప్పు వడ్డించినప్పుడల్లా తను చిన్నవాడే.

హారం పని మొదలుపెట్టాడు. పచ్చరాళ్లకు లోపల పుట్టుకతోనే సన్నని చారలుంటాయి. ఒక పక్కన ఒత్తిడి ఎక్కువైతే అక్కడ విరుగుతాయి. మొదటి పచ్చను గూట్లో దించి తన పద్ధతిలో చుట్టూ వత్తుకుంటూ పోయాడు. సగం తిరిగేసరికి రాయి ఒక పక్కకు ఒరిగింది. ఎట్లాగో పూర్తి చేసి పక్కన పెట్టాడు. రెండో రాయి గూటి అంచుకు ఉలి ఆనించి ఆగాడు. తర్వాత, ఇంట్లో ఎవరూ లేరనుకుని, ఒకచోట వత్తి ఎదురుచోట వత్తాడు. నడుమ వత్తాడు. ఆ తర్వాత ఎటు పోవాలో తెలియక ఉలి గాలిలో ఆగింది.

"దాని ఎదురుది," అన్నది భూలక్ష్మి. బియ్యం చెరగడానికి చాట కోసం వచ్చింది.

"నిన్ను అడిగిన్నా?"

"అడగలే."

ఆమె చాట తీసుకుని పోయింది. అతను కొంతసేపు పంతం పట్టి కూర్చుని, తర్వాత దాని ఎదురుచోట వత్తాడు. రాయి కదలకుండా కూర్చున్నది. మిగతా పచ్చలన్నీ ఆమె పద్ధతిలోనే పెట్టాడు. ఒక్కో రాయి సక్రమంగా కూర్చున్నప్పుడల్లా సంతోషం వచ్చేది. వెంటనే ఆ సంతోషం ఎవరిదో గుర్తుకొచ్చి చేదయ్యేది.

* * *

జానకీబాయి బిడ్డతో కలిసి హారం తీసుకుపోవడానికి వచ్చిన రోజు గుమ్మం దగ్గర అంతకుముందుకంటే ఎక్కువ మంది ఉన్నారు. ఆమె ఒక్కో పచ్చను గోటితో నొక్కి చూసింది. ఒక్కటీ కదలలేదు.

"మీ నాయిన ఉంటె సంబురపడుతుండె," అన్నది.

రామచంద్రం ఎన్నో ఏళ్లుగా వినాలనుకున్న మాట అది. విన్నాడు. జానకీబాయి అంతటితో ఆగి ఉంటే ఈ కథ కూడా అక్కడే ఆగిపోయేది. ఆమె గుమ్మం వైపు తిరిగింది.

"భూలక్ష్మీ, నువ్వు గూడ మంచిదానివమ్మా. ఆనాడు నీ చేతి పని ఊడిందని గందరి ముంగట అన్నా పల్లెత్తు మాట అనలే. గసొంటి ఓర్పు నా బిడ్డకు అయ్యో పాపమంటె గింతన్నా లేదు."

"అవు దొరసాని, అక్క బంగారం," అన్నది బాలవ్వ.

హారం తనది. మెప్పు మళ్లీ ఆమెది. ఆ ఓర్పును ఆమె చేతిలోంచి లాక్కోవాలని రామచంద్రానికి ఎంత బలంగా అనిపించిందంటే, అందుకు ఏం పోగొట్టుకోవాలో కూడా ఆలోచించలేదు.

"ఊడిన కమ్మ నాది," అన్నాడు.

అందరూ అతని వైపు చూశారు.

"నేను పెట్టిన రాయే ఊడింది దొరసాని. ఆమె పెట్టినయి ఊడలే. ఆనాడు ఉత్తగ ఆమె పేరు చెప్పిన."

జానకీబాయి క్షణం చూసి నవ్వింది. "పెండ్లాం మీద ప్రేమ, పావురం పొంగుకొచ్చినట్టున్నది. పోనీ తియ్యి, జరిగిందేదో జరిగిపాయె."

"ఎంత మంచోడు, మీదేసుకుంటుండు," అన్నది ఒకామె గుమ్మం దగ్గర.

ఇంతకుముందు అయితే ఆ మాట అతనికి తియ్యగా ఉండేది. ఒక గడియ తియ్యగానే ఉన్నది కూడా. హారమూ తనదే, మంచితనమూ తనదే. ఈసారి భూలక్ష్మికి మిగిలిందేమీ లేదు. ఆమె వైపు చూశాడు. ఆమె ముఖంలో కోపం లేదు. ఇంతేనా అన్నట్టు చూసి, లోపలికి పోవడానికి తిరిగింది.

"నిజంగనే నాది," అన్నాడు రామచంద్రం.

"ఎవలి చెయ్యైతేంది రామచంద్రం," జానకీబాయి హారం డబ్బీలో సర్దుతున్నది. "చూసేటోళ్లకు ఎవలికి ఎరుకైతది? మీ ఇద్దరి పని ఒక్కతీర్గనే ఉంటది."

ఒక్కతీరుగా. ఆ మాట పడేసరికి అతను పీట మీద నుంచి లేచాడు.

"ఒక్కతీర్గ ఎట్లుంటది? పిల్ల చెవులకున్న కమ్మలు రెండు ఇయ్యుండ్రి. ఇట్ల రాండ్రి."

పిల్ల కమ్మలు తీసి ఇచ్చింది. అతను రెండింటినీ కిటికీ గట్టు మీద పక్కపక్కన పెట్టి, భూతద్దం జానకీబాయి చేతికి ఇచ్చాడు.

"ఇది చూడుండ్రి. ఒక్కో రాయి అంచు మీద గసాల గింజ తీరు లేసి ఉన్నది, కనవడ్డదా? అది ముడి. మా నాయిన పెడుతుండె, నేను పెడుత. రాయి ఊడింది గీ కమ్మకే. ఇగ ఇది చూడుండ్రి. దీనికి లేదు. ఇది ఆమె చెయ్యి."

జానకీబాయి చాలాసేపు చూసింది. "అవు," అన్నది. పిల్ల చూసింది. బాలవ్వ ముందుకు వచ్చి చూసింది. భూతద్దం ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతూ ఉంటే రామచంద్రానికి అప్పుడు అర్థమైంది, తనేం చేశాడో. ఇక సుల్తానాబాద్‌లో ప్రతి ఆడమనిషీ కమ్మ తిరగేసి ముడి వెతుకుతుంది.

జానకీబాయి డబ్బీ మళ్లీ తెరిచింది. పచ్చల మీద ఒకటి తర్వాత ఒకటి భూతద్దం పెట్టింది.

"మరి హారానికి ముడి లేదు గద," అన్నది. గొంతు మారింది. "ఆమె చెయ్యి తగలద్దంటి. ఆమెతోనే చేయిపిచ్చినవా?"

"నేనే చేసిన దొరసాని. ఆమె లెక్క చేసిన."

"ముడి నీదంటివి. ముడి లేంది ఆమెదంటివి. ఇప్పుడేమో ముడి లేంది గూడ నీదే అంటున్నవ్."

గుమ్మం దగ్గర ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. ఈసారి ఎవరూ మంచోడు అనలేదు. రామచంద్రం తన జన్మలో చేసిన అన్నింటికన్నా మంచి పని, తండ్రి పచ్చల మీద పని, కళ్ల ముందే భార్యది అయిపోతున్నది. అది తనదని తెలిసిన మనిషి ఇంకొకరే ఉన్నారు.

భూలక్ష్మి వచ్చి జానకీబాయి చేతిలోంచి భూతద్దం తీసుకున్నది.

"నేను ముట్టలేదు దొరసాని. ఆయనే చేసిండు."

"నువ్వు గూడ మొదలువెట్టినవా? మొగడు నిన్ను వెనుకేసుకొస్తె నువ్వు మొగణ్ని."

"ముట్టను. చూపిస్త." ఆమె హారాన్ని తాకకుండా వంగి, మొదటి పచ్చ మీద భూతద్దం నిలిపింది. "ఇగో, ఇక్కడ చూడుండ్రి. గూటి మూలకు. రుద్దిండు గని పోలే. ఇది ఆయన ముడే. తర్వాతయి నేర్చుకొని పెట్టిండు."

జానకీబాయి చూసింది. తర్వాత తల ఊపింది. "అవు. ఉన్నది."

రామచంద్రం కూడా వంగి చూశాడు. ఉన్నది. తన కంటికి అంతవరకు కనిపించలేదు.

కారు పోయింది. ఆడవాళ్లు పోలేదు. భూలక్ష్మి దూలం సందులోంచి గుడ్డమూట దించి, తన ఉలి తీసి, పిడి మీది దుమ్ము తుడుచుకుంటూ వెనక వాకిట్లోకి పోయింది. వాళ్లూ ఆమె వెంట పోయారు. రామచంద్రం పీట మీద కూర్చున్నాడు. ఆమె తనను కాపాడిందో, అందరి ముందూ తన తప్పును వేలు పెట్టి చూపించిందో అతనికి తేలలేదు. రెండూ ఒక్కసారే చేసినట్టుంది. అట్లా చేయడం కూడా తనకు చేతకాదనిపించింది.

కాసేపటికి బాలవ్వ గుమ్మంలోంచి తల లోపలికి పెట్టింది.

"అన్నా, నీ భూతద్దం జర ఇస్తవా? మా కోడలు కమ్మలకు ముడి ఉన్నదో లేదో చూసుకోవాలె."

అతను తొడ కింద వెతికాడు. అది అక్కడ లేదు. కిటికీ గట్టు మీద, భూలక్ష్మి పెట్టిన చోట ఉన్నది.